పరస్పర అంగీకారంతో

జార్‌బ్రూకెన్,
అక్టోబరు 14

అన్నయ్యకి,

నిన్న పొద్దున నీల్ హాంబుర్గ్ నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, మామయ్య హోర్స్ట్‌ని తీసేశాడట, నీకు తెలుసా?" అన్నాడు. నేను నమ్మలేదు. మీ ఊరి పేపర్లో వచ్చిన ముక్కని నా ఫోన్లోకి పంపించాడు. బ్లౌ-వైస్ ఫుట్‌బాల్ క్లబ్బూ, దాని హెడ్ కోచ్ హోర్స్టూ పరస్పర అంగీకారంతో విడిపోతున్నారని రెండు వాక్యాలు. కింద క్లబ్ అధ్యక్షుడిగా నీ పేరు. పాతికేళ్ళకి పైగా ఆ జట్టుని పెంచిన మనిషికి రెండు వాక్యాలు.

ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో నీకు సగం వినబడదు, మిగతా సగానికి నవ్వేసి ఊరుకుంటావు. అందుకే మన పాత పద్ధతిలో కాగితం మీద అడుగుతున్నాను.

నీకు గుర్తు చేయాల్సిన పని లేదు. అయినా చేస్తాను. నీల్ వాళ్ళ నాన్న పోయాక నేను మంచం పట్టి క్లినిక్‌లో ఉన్నప్పుడు, వాణ్ణి మీ ఇంట్లో పెట్టుకున్నావు. పదేళ్ళవాడు. మాట మానేశాడు. తెలుగూ లేదు, జర్మనూ లేదు. నువ్వూ వదినా ఎంతమంది డాక్టర్ల దగ్గరికి తిప్పారో. హోర్స్ట్ మాత్రం వాణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గోల్‌పోస్టుల మధ్య నిలబెట్టి, "ముందు ఆడేవాళ్ళకి వెనకాల ఏం జరుగుతోందో కనబడదు. నువ్వు అరిచి చెప్పాలి. గోల్‌కీపర్ పని అదే" అన్నాడు. కొన్ని వారాల తర్వాత ఒక మ్యాచ్‌లో వాడు గట్టిగా అరిచాడని నువ్వే నాకు రాశావు. ఆ ఉత్తరం చదివిన రోజు నేను చాలాకాలానికి తలదువ్వుకున్నాను.

నిన్ను ఆ క్లబ్బులోకి తీసుకెళ్ళింది కూడా ఆయనే. "మా కుర్రాళ్ళ మోకాళ్ళు చూడ్డానికి డాక్టర్ కావాలి" అని ఆయన అడిగితే వెళ్ళావు. ఆ తర్వాత మీ రెండు ఇళ్ళూ ఒక ఇల్లయ్యాయి. అలాంటిది, ఆయన్ని తీసేసిన కాగితం మీద నీ సంతకమా?

ఏం జరిగిందో రాయి. జట్టు గెలవట్లేదని మాత్రం రాయకు.

హైమ

*

ష్వైన్‌ఫర్ట్,
అక్టోబరు 22

హైమా,

నీ ఉత్తరం అందింది. జట్టు గెలవట్లేదని రాయొద్దన్నావు. అదే రాయాల్సి వస్తోంది. సీజన్ మొదలైనప్పటినుంచి వరసగా ఓడిపోతున్నాం. ఇలాగే సాగితే కింది లీగ్‌లోకి జారిపోతాం. బోర్డు సమావేశంలో ప్రతిపాదన పెట్టింది నేనే, ఇంకెవరి మీదా నెట్టను. మిగతావాళ్ళు ఒక్కొక్కరే చేతులెత్తారు. వీడ్కోలు సభ పెడతామంటే హోర్స్ట్ వద్దన్నాడు. అతని ఇష్టం.

కొత్త కోచ్ వచ్చాడు. బాంబెర్గ్ అతను, చిన్నవాడు, లాప్‌టాప్ పట్టుకు తిరుగుతాడు. మంచివాడే.

మీ వదిన బాగానే ఉంది. తోటలో ఆకులు ఊడ్చి నడుం పట్టేసిందని రెండ్రోజులు పడుకుంది. ఈ ఏడు చలి తొందరగా వచ్చేట్టుంది. డెబ్బై దాటాక ఇంకా ప్రాక్టీసు ఎందుకని నువ్వు అడుగుతుంటావు కదా, వసంతంలో నిజంగానే ఆలోచిస్తాను.

నీల్‌కి చెప్పు. నా మీద కోపంగా ఉంటే ఉండమను.

మధు అన్నయ్య

*

జార్‌బ్రూకెన్,
నవంబరు 5

డాక్టర్ మధుసూదనరావు గారికి,

మీ ఉత్తరం చదివాను. బోర్డు తీర్మానం, వాతావరణం, నడుంనొప్పి అన్నీ తెలిశాయి.

నీల్ మీకు ఫోన్ చేశాడట. "మామయ్యా, ఒక్క కారణం చెప్పు, నేను నోరుమూసుకుంటాను" అన్నాడట. "పేషెంట్లు కూచుని ఉన్నారు, మళ్ళీ మాట్లాడదాం" అని మీరు పెట్టేశారట. నాతో అది చెప్తూ వాడు మధ్యలో జర్మన్‌లోకి వెళ్ళిపోయాడు. బాధ ఎక్కువైతే వాడికి తెలుగు అందదు. ఆఖర్న ఒకటే అన్నాడు. "హోర్స్ట్‌కి చేసినవాడు రేపు ఎవరికైనా చేస్తాడు."

ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉండి మనం నేర్చుకున్నది ఇదేనా? ఓడిపోతే మనిషిని కాగితంతో పంపించెయ్యడం? నాన్న తన దగ్గర పనిచేసిన వాళ్ళెవర్నీ అలా పంపలేదు.

నేను ష్వైన్‌ఫర్ట్ వస్తున్నాను. మీ ఇంటికి కాదు. హోర్స్ట్ ఇంటికి వెళ్ళి, మా ఇంటివాళ్ళందరూ ఒకలాంటివాళ్ళు కారని చెప్పి వస్తాను.

హైమావతి

*

ష్వైన్‌ఫర్ట్,
నవంబరు 11

హైమా,

రావద్దు.

నన్ను ఎన్ని మాటలైనా అను, పడతాను. అతని ఇంటికి మాత్రం వెళ్ళకు. ఎందుకని అడగకు. నేను నిన్ను ఎప్పుడూ ఏదీ గట్టిగా అడగలేదు. ఇది అడుగుతున్నాను.

అన్నయ్య

*

జార్‌బ్రూకెన్,
డిసెంబరు 9

అన్నయ్యా,

నువ్వు వద్దన్నా వెళ్ళాను.

స్టేషన్లో దిగి, మీ వీధి తప్పించి, నది పక్కనుంచి నడిచాను. చేతిలో నువ్వులుండల డబ్బా. హోర్స్ట్‌కి ఇష్టమని గుర్తుంది. ఆయనే తలుపు తీశాడు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. గట్టిగా కౌగలించుకున్నాడు. "హైమా, లోపలికి రా, చలి" అన్నాడు. అంతవరకూ మామూలే. నాకైతే నీ మీద కోపం ఇంకా పెరిగింది. చూశావా, ఎంత మంచి మనిషి అని.

కూచున్నాక అడిగాడు. "రవీంద్ర రాలేదా? బండి పెడుతున్నాడా?"

నాకు అర్థం కాలేదు. నవ్వుతూ వాకిలివైపే చూస్తున్నాడు. మా ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆరోజు శవపేటిక మోసినవాళ్ళలో ముందున్నది హోర్స్టే. వంటింట్లోంచి వస్తున్న ఆయన భార్య ఉర్సులా కాఫీ ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ తల దించుకుంది.

"వస్తాడు, హోర్స్ట్" అన్నాను.

ఆయన తృప్తిగా తలూపి నువ్వులుండ నోట్లో వేసుకున్నాడు. అరగంట బాగా మాట్లాడాడు, ముప్పై ఏళ్ళ కిందటి మ్యాచ్‌ల గురించి. తర్వాత అలిసిపోయి కుర్చీలో నిద్రపోయాడు.

ఉర్సులా నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. అన్నీ చెప్పింది. "మధు నీకు చెప్పలేదా? చెల్లెలికి కూడా చెప్పలేదా?" అని రెండుసార్లు అడిగింది. మీ బేకరీలో నీకు ఎవరూ పలకరింపు కూడా చెప్పట్లేదనీ, వదిన బ్రెడ్డుకి పక్క ఊరు వెళ్తోందనీ, పాత పేషెంట్లు చాలామంది వేరే డాక్టర్ దగ్గరికి మారిపోయారనీ ఆవిడే చెప్పింది. క్లబ్ హాల్లో ఎవరో లేచి "క్రికెట్ దేశంనుంచి వచ్చినవాడికి మన హోర్స్ట్ విలువేం తెలుసు" అంటే హాలంతా చప్పట్లు కొట్టిందట. నువ్వు అక్కడే కూచుని ఉన్నావట.

తిరిగి స్టేషన్‌కి మీ వీధిలోంచే నడిచాను. మీ గేటు ముందు నిలబడ్డాను. నీ గదిలో లైటు వెలుగుతోంది. బెల్లు కొట్టలేకపోయాను, అన్నయ్యా. ఏ మొహంతో కొట్టను?

ఇక నాకు చెప్పొచ్చు. ఉర్సులాయే చెప్పింది కాబట్టి నీ మాట తప్పినట్టు కాదు. రాయి.

హైమ

*

ష్వైన్‌ఫర్ట్,
డిసెంబరు 17

హైమా,

ఆ సాయంత్రం గేటు దగ్గర ఎవరో ఉన్నారని మీ వదిన కిటికీలోంచి చూసింది. "హైమలా ఉంది" అంది. నేను చెప్పులేసుకుని వచ్చేసరికి వీధి ఖాళీ. ఇకముందు బెల్లు కొట్టు.

ఆగస్టు చివర బయటి ఊళ్ళో మ్యాచ్ ఆడి వస్తున్నాం. ఎప్పట్లాగే క్లబ్ వ్యాను హోర్స్ట్ నడుపుతున్నాడు, పక్కన నేను. వెనక కుర్రాళ్ళు చెవుల్లో పాటలు పెట్టుకుని ఉన్నారు. ఔటోబాన్ హైవే ఎక్కేచోట వాడు, దాని మీంచి దిగే బళ్ళ దారిలోకి తిప్పాడు. అడ్డంగా ఎర్ర బోర్డు ఉంది. నేను "హోర్స్ట్" అన్నాను. వినలేదు. వంపు తిరగ్గానే ఎదురుగా లారీ. స్టీరింగ్ పట్టుకుని పక్కకి లాగాను. వ్యాను గడ్డిలోకి దిగి ఆగింది. లారీ హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది. వెనకాల ఒకడు "హోర్స్ట్ సరదా చేస్తున్నాడ్రా" అని నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. వాడు నవ్వలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "మధూ, మనం ఎక్కడికి వెళ్తున్నాం?" అని మెల్లగా అడిగాడు.

వాడికి నడుం పట్టిందని అందరికీ చెప్పి, మిగతా దారి నేను నడిపాను.

అంతకుముందే నాకు అనుమానం ఉంది. ఎప్పుడో క్లబ్ వదిలి వెళ్ళిన కుర్రాడి పేరుతో ఇప్పటి కుర్రాణ్ణి పిలిచేవాడు. ఒక మ్యాచ్‌లో అప్పటికే బయటికి పిలిచిన ఆటగాణ్ణి "ఎక్కడ వాడు, ఎక్కడ వాడు" అని మైదానమంతా వెతికాడు. వయసు అనుకున్నాను. డాక్టర్నయ్యుండి కూడా, అలా అనుకోవడమే నాకు సుఖంగా ఉండేది. ఆ వారమే వ్యూర్జ్‌బుర్గ్‌లో పరీక్షలు చేయించాను. నేననుకున్నదే. ఇంకా మొదటి దశ, కానీ వేగంగా వస్తోంది.

ఫలితం చెప్పిన రోజు వాడూ నేనూ మైదానం చుట్టూ నడిచాం. వాడు ఏడవలేదు. "మా నాన్నకి ఇదే వచ్చింది, తెలుసా? నలభై ఏళ్ళు రైలు నడిపాడు. అది ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. పైజామాతో బేకరీకి వెళ్ళి టికెట్ అడిగాడని మాత్రం ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నాకు అది వద్దు" అన్నాడు.

"రాజీనామా చెయ్యి. ఆరోగ్యం అని రాద్దాం" అన్నాను.

"ఏం ఆరోగ్యం అని అడుగుతారు. నాకు నేనుగా పోతే కుర్రాళ్ళు నమ్మరు, ఇంటికొచ్చి కూచుంటారు, కారణం కనిపెడతారు. ఓడిపోయిన కోచ్‌ని తీసెయ్యడం మాత్రం రోజూ జరిగేదే. ఎవరూ లోతుకి పోరు. తీసేసిన అధ్యక్షుణ్ణి తిట్టి ఊరుకుంటారు. నువ్వు తీసెయ్యి, మధూ. తిట్లు తట్టుకోగలవా?"

తట్టుకుంటానన్నాను. ఆ మాట అనడం తేలిక.

ఇది బోర్డులో ఎవరికీ తెలీదు. డాక్టర్‌గా కూడా నేను నోరు విప్పకూడదు. నీకు రాయలేనిది అందుకే. ఉర్సులా ద్వారా సంగతి తెలిసిన మీ వదిన నీ మొదటి ఉత్తరం చదివి, "హైమకైనా చెప్పకూడదా" అని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

బేకరీ సంగతి వదిలెయ్యి. పక్క ఊరి బ్రెడ్డే బాగుంది.

అన్నయ్య

*

జార్‌బ్రూకెన్,
ఫిబ్రవరి 20

అన్నయ్యా,

ఉర్సులా ఒప్పుకున్నాక నీల్‌కి చెప్పాను. మర్నాడే ష్వైన్‌ఫర్ట్ బయల్దేరాడు. మీ ఇంటికి వచ్చాడని వదిన చెప్పింది. నీ ముందు ఏం మాట్లాడకుండా కూచుని, గిన్నెలు కడిగి వెళ్ళాడట. వాడి క్షమాపణ అలాగే ఉంటుంది. వాళ్ళ నాన్న కూడా అంతే.

హోర్స్ట్ వాణ్ణి గుర్తుపట్టాడట. పేరు రాలేదు గానీ చేతులు పట్టుకు చూసి "గోల్‌కీపర్" అన్నాడట. అది చెప్తూ నీల్ ఏడ్చాడు.

ఇప్పుడు వాడి గొడవంతా నీ గురించే. "మామయ్యని ఊరంతా దొంగలా చూస్తోంది. బోర్డువాళ్ళ ఐదుగురికైనా చెప్పమను" అంటున్నాడు. నాదీ అదే మాట. వాళ్ళూ పెద్దమనుషులే కదా, గుట్టు దాచుకోలేరా? ఇంకెంతకాలం మోస్తావు?

హైమ

*

ష్వైన్‌ఫర్ట్,
ఏప్రిల్ 8

హైమా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. బోర్డుకి చెప్పే ప్రసక్తి లేదు. ఐదుగురికి చెప్తే ఐదు ఇళ్ళకి తెలుస్తుంది.

ఇప్పుడు రాస్తున్నది దానికోసం కాదు. మొన్న మంగళవారం క్లినిక్ నిండా జనం ఉన్నారు. తలుపు తోసుకుని హోర్స్ట్ వచ్చాడు. కోటు గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. వెనకాల ఉర్సులా పరుగెత్తుకొస్తోంది. వెయిటింగ్ గదిలో అందరిముందూ నిలబడి నన్ను బయటికి పిలిచాడు.

"పాతికేళ్ళు పనిచేశాను. ఎందుకు తీసేశావు? ఈ జనం ముందు చెప్పు. నేనేం తప్పు చేశాను?"

నేను వాడి కళ్ళలోకి చూశాను. నటన కాదు, హైమా. మైదానం చుట్టూ నడిచిన రోజు వాడిలో లేదు. నన్ను అడిగిన సంగతి లేదు, నేను ఒప్పుకున్న సంగతి లేదు. పేపర్లో వచ్చిన రెండు వాక్యాలు మాత్రం మిగిలాయి. ఊరంతా ఏం నమ్ముతోందో వాడూ అదే నమ్ముతున్నాడు.

"జట్టు ఓడిపోతోంది, హోర్స్ట్" అన్నాను.

"నువ్వు నా స్నేహితుడివి" అన్నాడు. ఉర్సులా చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ నావైపు చూసిన చూపు మాత్రం నేను రాయలేను.

లోపలికొచ్చి తర్వాతి పేషెంటుని పిలిచాను. ఆవిడ లోపలికి రాలేదు. బ్యాగు తీసుకుని బయటికి వెళ్ళింది.

అన్నయ్య

*

జార్‌బ్రూకెన్,
ఏప్రిల్ 13

అన్నయ్యా,

ఆయనకి చెప్పెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఊరికి వద్దు, నాకూ అర్థమైంది. ఆయన ఒక్కడికి చెప్పు. "నువ్వే అడిగావు, నేను మాట నిలబెట్టుకున్నాను" అని చెప్పు. ఉర్సులా సాక్ష్యం ఉంది. స్నేహితుడు మోసం చేశాడన్న బాధతో ఆ మనిషి మిగిలిన రోజులు గడపడం ఎందుకు? నువ్వు మాత్రం ఎందుకు?

నేను వచ్చి నీతోపాటు వెళ్తాను. ఈసారి బెల్లు కొడతాను.

హైమ

*

ష్వైన్‌ఫర్ట్,
జూన్ 2

హైమా,

నువ్వు వచ్చి వెళ్ళాక ఇల్లు కాస్త బోసిగా ఉంది. ఆరోజు నువ్వు చెప్పమంటే చెప్పాను కదా. నీ ఎదురుగానే. వాడు మొత్తం విన్నాడు. జబ్బు పేరు వినగానే ఎలా వణికిపోయాడో నువ్వూ చూశావు. "నాకా? మా నాన్నకి వచ్చిందే, అదా?" అని ఆ పూటంతా అడుగుతూనే ఉన్నాడు. మర్నాటికి నేను చెప్పింది మర్చిపోయాడు, కోపం మాత్రం మర్చిపోలేదు. మళ్ళీ చెప్తే మళ్ళీ మొదటిసారి విన్నట్టే వణుకుతాడు. అందుకే ఇక చెప్పను. ఆ ఇంటికి వెళ్ళడం కూడా మానేశాను. నన్ను చూస్తే వాడికి ఆ రోజు నిద్ర పట్టదని ఉర్సులా చాలా కష్టం మీద చెప్పింది.

మే నెల సర్వసభ్య సమావేశంలో అధ్యక్ష పదవి వదిలేశాను. ఉండమని ఎవరూ అనలేదు. జట్టు కింది లీగ్‌లోకి పడిపోయింది. క్లినిక్ కూడా సెప్టెంబరులో ఒక కుర్ర డాక్టరమ్మకి ఇచ్చేస్తున్నాను. మీ వదిన సంతోషంగా ఉంది, కనీసం నా ముందు.

నిన్న సీజన్ ఆఖరి మ్యాచ్. వెళ్ళకూడదనుకుని వెళ్ళాను. అందరూ కూచునే వైపు కాకుండా, అవతల మూల కంచె దగ్గర నిలబడ్డాను. అక్కడికి ఎవరూ రారు. మొదటి హాఫ్‌లో సగం ఆట అయింది. పక్కన ఎవరో వచ్చి కంచె మీద మోచేతులు ఆనించారు. చూస్తే హోర్స్ట్. ఉర్సులా కాఫీ కోసం వరసలో నిలబడి ఉంటుంది. తప్పించుకు పోదామనుకున్నాను. అప్పటికే వాడు నన్ను చూశాడు.

"మంచి ఎండ" అన్నాడు, కొత్తవాళ్ళతో అన్నట్టు.

అవునన్నాను.

"మీరు ఈ ఊరివారేనా?"

"చాలాకాలంగా ఇక్కడే."

"అంతకుముందు?"

"ఇండియా."

వాడు తలూపి కాసేపు ఆట చూశాడు. "మా క్లబ్ అధ్యక్షుడు కూడా అక్కడివాడే. డాక్టరు. మీకు తెలుసా ఆయన?"

"తెలుసు."

"నన్ను తీసేశాడు. నేను ఇక్కడ కోచ్‌ని. నా ఇంట్లో మనిషిలా తిరిగాడు. కారణం కూడా సరిగ్గా చెప్పలేదు." వాడి కళ్ళు మైదానం మీదే ఉన్నాయి. "ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు, నేనేం చేశానో."

ఊళ్ళో అందరూ నాతో అన్న మాటే నా నోటికి వచ్చింది.

"ఆయన అలా చెయ్యకుండా ఉండాల్సింది" అన్నాను. "మీలాంటి కోచ్ మళ్ళీ దొరకడు. ఆ సంగతి ఆయనకి తెలుసు."

వాడు నావైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడేమో అనుకున్నాను. "ఈ మాట నాతో ఎవరూ అనలేదు" అన్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతి బరువు నాకు తెలుసు, హైమా. ఎన్నో ఏళ్ళుగా తెలుసు.

చెయ్యి అలాగే ఉంచి ఆట గురించి మొదలుపెట్టాడు. "ఆ కుడివైపు డిఫెండర్‌ని చూడండి, ఊరికే ముందుకి పరుగెడుతున్నాడు. వెనకాల అంతా ఖాళీ. ఇప్పుడు అక్కడినుంచే గోల్ తింటాం." అన్నట్టే అక్కడినుంచే గోల్ పడింది. వాడు విసుగ్గా తల అడ్డంగా ఊపాడు. నాకు మాత్రం ఆ ఓడిపోయే మ్యాచ్ అలా సాగుతూనే ఉంటే బాగుండనిపించింది.

రెండు కాఫీ కప్పులతో ఉర్సులా వచ్చింది. మమ్మల్నిద్దర్నీ చూసి దూరంగా ఆగిపోయింది. ఏమీ అనొద్దని కళ్ళతో చెప్పాను. వాడే పిలిచి నన్ను పరిచయం చేశాడు. "ఈయన ఇండియా ఆయన. ఆట తెలిసినవాడు. ఆ డాక్టర్‌లాంటి మనిషి కాదు." ఉర్సులా ఒక కప్పు నాకు ఇచ్చింది.

ఆట అయిపోయింది. ఓడిపోయాం. జనం వెళ్ళిపోతున్నారు. ఉర్సులా చెయ్యి పట్టుకుని రెండడుగులు వేసి, వాడు మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"వచ్చే శనివారం వస్తారా? ఇక్కడే నిలబడదాం. నాకు మాట్లాడ్డానికి ఎవరూ లేరు."

సీజన్ అయిపోయింది. వచ్చే శనివారం మ్యాచ్ లేదు. గేటు కూడా తియ్యరు.

వస్తానన్నాను.

అన్నయ్య